పైసా పెట్టకుండా ఎన్బీఏ ప్లేఆఫ్స్ అంచనా: బుకీ రేటు చదివే పద్ధతి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్బీఏలో కప్పు కోసం జరిగే ఆఖరి దశ పోటీలు, అంటే ప్లేఆఫ్స్, ఏప్రిల్ మూడో వారంలో మొదలై జూన్ మూడో వారం దాకా సాగుతాయి. అవే రోజుల్లో ఐపీఎల్ కూడా ఉంటుంది కాబట్టి నెల్లూరు, కావలి, ఒంగోలు హాస్టళ్లలో పొద్దున బాస్కెట్‌బాల్, రాత్రి క్రికెట్. ఏది నడిచినా చివరికొచ్చే మాట ఒకటే: రేటెంత? ఆ రేటు మీద డబ్బు పెట్టకుండా, దాన్ని పట్టుకుని ఎవరు గెలుస్తారో అంచనా కట్టి, పుస్తకంలో రాసుకుని స్నేహితులతో పోటీ పడే పద్ధతి ఇది.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నేరాల్లో చేర్చారు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. నడిపేవాళ్లతో పాటు ప్రచారం చేసేవాళ్లకూ శిక్షలున్నాయి. ‘విదేశీ యాప్ కదా, ఏం కాదులే’ అనే మాట నమ్మొద్దు. మరొకటి, టెలిగ్రామ్‌లో ‘ఫిక్స్‌డ్ టిప్’ ఇచ్చేవాళ్లు. వాళ్ల కిటుకు చాలా చిన్నది. 800 మందిలో సగానికి ఒక జట్టు పేరు, సగానికి రెండో జట్టు పేరు పంపుతారు. తప్పు వెళ్లిన 400 మందిని వదిలేసి, మిగిలిన వాళ్లతో మళ్లీ అదే పని. మూడు మ్యాచ్‌లు గడిచేసరికి మూడూ కరెక్టుగా అందుకున్నవాళ్లు వందమంది తేలతారు. డబ్బు అడిగేది ఆ వందమందినే.

రేటును శాతంగా మార్చడం

అమెరికా సైట్లలో రేటు -150, +130 అన్నట్టు ఉంటుంది. మైనస్ ఉన్నది ఫేవరెట్, అంటే గెలిచే అవకాశం ఎక్కువని బుకీ లెక్కేసిన జట్టు. -150 అంటే 100 లాభం రావడానికి 150 పెట్టాలి. +130 అంటే 100 పెడితే 130 లాభం. శాతం తీసే లెక్క ఇలా:

ఫేవరెట్: 150 ÷ (150 + 100) = 60 శాతం.
రెండో జట్టు: 100 ÷ (130 + 100) = 43.5 శాతం.

యూరప్ తరహాలో 1.67, 2.30 అని కనిపిస్తే ఇంకా సులువు: 100ని ఆ అంకెతో భాగించండి, అంతే.

ఇప్పుడు రెండూ కలిపితే 103.5 వస్తుంది. ఉండాల్సింది 100. నెల్లూరు రైతుకు ఇది చెప్పక్కర్లేదు: పుట్టి అంటే 850 కిలోలే అయినా తూకం దగ్గర తరుగు పేరుతో ఇంకొంత పోతుంది. ఈ 3.5 బుకీ లాగే తరుగు. దాన్ని తీసెయ్యాలంటే ఒక్కో శాతాన్నీ మొత్తంతో భాగించాలి: 60 ÷ 103.5 = 58, 43.5 ÷ 103.5 = 42. మీరు పుస్తకంలో రాసుకోవాల్సింది 58, 42. చాలామంది 60 అని రాసుకుని, తర్వాత ‘మార్కెట్ (బుకీల రేట్లు) ఫేవరెట్‌ను ఎక్కువ చేసి చూపిస్తోంది’ అంటారు. ఎక్కువ చేసింది తరుగే.

ఛాంపియన్ ఎవరన్న రేట్లలో ఈ తరుగు మరీ ఎక్కువ. 30 జట్ల శాతాలూ కలిపితే 120 దాటడం మామూలే. కాబట్టి టైటిల్ రేటును ఒక్క జట్టుకే తీసి చూడొద్దు. అన్ని జట్లవీ రాసి, కూడి, భాగించాకే దానికి అర్థం.

పాయింట్ల తేడా రూపంలో వచ్చే రేటు ఇంకొకటి. -6.5 అంటే ఆ జట్టు 7 లేదా అంతకన్నా ఎక్కువ పాయింట్లతో గెలిస్తేనే లెక్క. దాన్ని గెలుపు శాతంగా మార్చుకోవడానికి ఉజ్జాయింపు లెక్క: 3 పాయింట్ల ఫేవరెట్ 60 శాతం, 6.5 అయితే 70, 10 అయితే 79. పది పాయింట్ల ఫేవరెట్ కూడా అయిదింట ఒకటి ఓడుతుందన్నమాట. ఇది ఎంత చెప్పినా తలకెక్కదు, అందుకే గోడకు అంటించుకోదగ్గ అంకె.

ప్లేఆఫ్స్ నడిచే తీరు

ఈస్ట్, వెస్ట్ రెండు కాన్ఫరెన్స్‌లు, ఒక్కోదాంట్లో 15 జట్లు, లీగ్ దశలో 82 మ్యాచ్‌లు. మొదటి ఆరు స్థానాలవాళ్లు నేరుగా వెళ్తారు. 7 నుంచి 10 దాకా ఉన్నవాళ్లకు ప్లే-ఇన్, అంటే మిగిలిన రెండు చోట్ల కోసం అర్హత పోటీ. 7, 8 స్థానాల మధ్య గెలిచినవాళ్లు ఏడో సీడ్ (సీడ్ అంటే ప్లేఆఫ్స్‌లో జట్టు ర్యాంకు). అక్కడ ఓడినవాళ్లకు ఇంకో అవకాశం: 9, 10 మధ్య గెలిచిన జట్టుతో ఆడాలి, అందులో గెలిస్తే ఎనిమిదో సీడ్. తర్వాత నాలుగు రౌండ్లూ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లే, ముందు నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. మొత్తం 15 సిరీస్‌లు. రౌండు రౌండుకూ సీడ్లు మళ్లీ కలపరు కాబట్టి మొదటి రోజే ఎవరి దారిలో ఎవరున్నారో గీత గీసేయొచ్చు.

సొంత మైదానం వరుస 2-2-1-1-1. పై సీడ్ ఇంట్లో 1, 2, 5, 7 మ్యాచ్‌లు. కింది సీడ్ ఇంట్లో 3, 4, 6. ఫైనల్స్ కూడా 2014 నుంచి ఇదే వరుసలో. ఫైనల్స్‌లో మాత్రం సీడ్ కాదు, లీగ్ దశలో ఎక్కువ గెలిచిన జట్టుకే ఏడో మ్యాచ్ సొంత మైదానం.

ఒక్క మ్యాచ్ నుంచి సిరీస్ దాకా

అంచనాల్లో సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఏడు మ్యాచ్‌ల సిరీస్ బలమైన జట్టు బలాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది. ఒక్కో మ్యాచ్‌లో 55 శాతం అవకాశం ఉన్న జట్టుకు సిరీస్ గెలిచే అవకాశం 61. మ్యాచ్‌కు 60 ఉంటే సిరీస్‌కు 71. 65 ఉంటే 80. 70 ఉంటే 87.

దీన్ని వెనక్కి తిప్పి వాడండి. సిరీస్ రేటు -250, +205 అనుకుందాం. 71.4, 32.8 వస్తాయి, మొత్తం 104.2. తరుగు తీస్తే 68.5, 31.5. పై అంకెల మధ్య చూస్తే 68.5కు సరిపోయేది మ్యాచ్‌కు సగటున 58.5 నుంచి 59. ఫేవరెట్‌కు సొంత మైదానంలో ఓ 6 శాతం కలపండి, బయట 6 తీసెయ్యండి: ఇంట్లో 65, బయట 53. ఇది మోటు లెక్కే, కానీ ‘అక్కడికెళ్తే పక్కా ఓటమి’ లాంటి మాటల కన్నా నయం.

సిరీస్ మధ్యలో ఇంకా పనికొస్తుంది. మ్యాచ్‌కు 60 శాతం ఉన్న ఫేవరెట్ మొదటి మ్యాచ్ ఓడిపోయిందనుకోండి. వాట్సాప్ గ్రూపులో అందరూ తిరగబడతారు. అయినా లెక్కలో ఆ జట్టుకింకా 54 శాతం ఉంది. రెండూ ఓడితే 34కు పడిపోతుంది. 0-3 అయ్యాక ఎన్బీఏలో ఏ జట్టూ సిరీస్ గెలిచింది లేదు, అక్కడ మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 1-3 నుంచి గెలిచినవాళ్లున్నారు. ఫైనల్స్‌లో అలా చేసింది 2016లో క్లీవ్‌లాండ్ ఒక్కటే.

‘ఎన్ని మ్యాచ్‌ల్లో’ అన్నదానికి ఓ చిట్కా. మ్యాచ్‌కు 60 శాతమైతే ఫేవరెట్ అయిదింట్లో గెలవడానికీ ఆరింట్లో గెలవడానికీ అవకాశం దాదాపు సమానం, ఒక్కోటి 21 శాతం. కానీ అయిదో మ్యాచ్ పై సీడ్ ఇంట్లో, ఆరోది కింది సీడ్ ఇంట్లో. అందుకే పై సీడ్ గెలుస్తుందనుకుంటే 4-1 రాయండి, కింది సీడ్ అనుకుంటే 4-2 రాయండి. 4-0 రాయాలంటే చాలా గట్టి కారణం ఉండాలి: అదే 60 శాతం జట్టుకు ఆ అవకాశం 13 మాత్రమే.

ఎప్పుడు మార్కెట్‌తో విభేదించాలి

మామూలుగా అయితే విభేదించొద్దు. రేటు వెనక బోలెడంత డబ్బు, లెక్కలు, మనుషులు ఉన్నారు. మీకు తెలిసింది వాళ్లకూ తెలుసు. కదపాలనిపిస్తే 5 శాతం, బలమైన కారణం ఉంటే 10. అంతకు మించి కదిపితే అది అభిమానం.

కారణాల్లో మొదటిది గాయాలు. జట్లు మ్యాచ్‌కు ముందురోజు స్థానిక కాలమానం సాయంత్రం 5 గంటలకల్లా గాయాల జాబితా ఇవ్వాలి. ‘ప్రాబబుల్’ అంటే దాదాపు ఆడతాడు, ‘క్వశ్చనబుల్’ అంటే సగంసగం, ‘డౌట్‌ఫుల్’ అంటే ఆడడనే అనుకోవాలి, ‘ఔట్’ అంటే లేడు. చూడాల్సింది ఒక్క స్టార్ పేరే కాదు, ఎంతమంది పోయారన్నది. 2025 ఈస్ట్ రెండో రౌండ్‌లో లీగ్ దశలో 64 గెలిచిన క్లీవ్‌లాండ్, ఇండియానాతో రెండో మ్యాచ్‌కు గార్లండ్, మోబ్లీ, హంటర్ ముగ్గురూ లేకుండా దిగింది. ఒక్క పాయింట్‌తో ఓడింది, సిరీస్ 1-4తో పోయింది. 2012లో ఒకటో సీడ్ షికాగోకు మొదటి మ్యాచ్‌లోనే డెరిక్ రోజ్ మోకాలు పోయింది. ఎనిమిదో సీడ్ ఫిలడెల్ఫియా 4-2తో గెలిచింది. 2023లో మిల్వాకీ మీద మయామి 4-1 గెలుపులోనూ మిల్వాకీ స్టార్ యానిస్ నడుము గాయం ఉంది. ఎనిమిదో సీడ్ ఒకటో సీడ్‌ను ఓడించడం అరుదు. అరుదైనది జరిగినప్పుడు ముందు గాయాల జాబితా తీసి చూడండి.

రెండోది రొటేషన్. లీగ్ దశలో 9, 10 మందిని తిప్పే కోచ్ ప్లేఆఫ్స్‌లో 7, 8 మందికి కుదిస్తాడు. 48 నిమిషాల ఆటలో 35 ఆడే స్టార్ 40 దాకా వెళ్తాడు. అంటే బెంచ్ బలంతో 82 మ్యాచ్‌ల పట్టికలో పైకెక్కిన జట్టుకు ఆ లాభం తగ్గుతుంది. గెలుపుల సంఖ్య కన్నా సగటు పాయింట్ల తేడా మంచి కొలత, కానీ అది కూడా ఆఖరి మాట కాదు. 2024-25లో ఓక్లహోమా సిటీ మ్యాచ్‌కు సగటున 12.9 పాయింట్ల తేడాతో లీగ్ రికార్డు పెట్టింది, 68 గెలిచింది. ఆ జట్టు కూడా డెన్వర్‌తో ఏడు, ఫైనల్స్‌లో ఇండియానాతో ఏడు మ్యాచ్‌లూ ఆడాకే కప్పు అందుకుంది.

త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడకపోవడాన్ని చూసి అంచనా మార్చొద్దు. 2025లో న్యూయార్క్‌తో మొదటి మ్యాచ్‌లో బోస్టన్ 60 త్రీలు వేసి 15 మాత్రమే పడేసింది, ఓడింది. రెండో మ్యాచ్‌లో 40కి 10. మూడో మ్యాచ్ 115-93తో గెలిచింది. త్రీలు ఓ రాత్రి పడతాయి, ఓ రాత్రి పడవు. చూడాల్సింది ఎన్ని పడ్డాయని కాదు, ఖాళీగా నిలబడి వేశారా, చెయ్యి అడ్డున్నా వేశారా అన్నది. ఆ సిరీస్ చివరికి బోస్టన్ 2-4తో ఓడిపోయింది, నాలుగో మ్యాచ్‌లో ఆ జట్టు స్టార్ టేటమ్ గాయంతో. మళ్లీ గాయాల దగ్గరికే వచ్చాం.

టైము, తేదీ

ప్లేఆఫ్స్ రోజుల్లో న్యూయార్క్ టైముకు మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ రాత్రి 7:30 అంటే మనకు మర్నాడు తెల్లవారి 5. 8:30 అయితే 6, పదింటికి మొదలైతే మనకు ఏడున్నర. రోహిణి కార్తెలో ఎటూ ఆ వేళకే ఉక్క లేపేస్తుంది కాబట్టి అలారం సమస్య ఉండదు. తేదీతోనే తంటా: అమెరికా సైట్‌లో మే 1 అని ఉన్న మ్యాచ్ మన పుస్తకంలో మే 2. రెండిట్లో ఏదో ఒకటే వాడండి, లేకపోతే నిన్నటి రేటు పక్కన ఇవాళ్టి ఫలితం రాసేస్తారు.

అంచనా రాయడానికి గడువు రాత్రి పది పెట్టుకోవడం మేలు. ముందురోజు గాయాల జాబితా అప్పటికి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. ‘క్వశ్చనబుల్’ ఆటగాళ్ల సంగతి మాత్రం మ్యాచ్‌కు అరగంట ముందు, అంటే మనకు నాలుగున్నరకు గానీ తేలకపోవచ్చు. ఆ సమాచారం ఎవరు లేచి చూస్తే వాళ్లకే అందుతుంది, పోటీ నిద్రలేమి పోటీ అయిపోతుంది. గడువు అందరికీ ఒకటే ఉండాలి, రేటు కూడా పదింటికి ఉన్నదే రాసుకోవాలి.

లెక్క పుస్తకం

అయిదారుగురు చాలు. ఒక్కో మ్యాచ్‌కు నాలుగు గడులు: తరుగు తీసిన మార్కెట్ శాతం, మీ శాతం, ఎందుకు మార్చారో ఒక్క ముక్క, ఫలితం. గెలుస్తుందన్న జట్టు పేరు కాకుండా శాతం రాయించండి, దానికి మార్కులు ఇలా: మీ శాతాన్ని దశాంశంలో రాసి, ఆ జట్టు గెలిస్తే 1లోంచి, ఓడితే 0లోంచి తీసి, వచ్చిన తేడాను దానితోనే గుణించండి. 0.7 అన్న జట్టు గెలిస్తే 0.09, ఓడితే 0.49. తక్కువ వచ్చినవాడు పైన. ప్రతిదానికీ 0.5 రాసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది, కాబట్టి మీ సగటు 0.25 దాటితే మీ అంచనాల కన్నా బొమ్మాబొరుసే నయం. 0, 1 రాయనివ్వొద్దు. ఒక్కటి తప్పితే పూర్తిగా 1 పడి ఆ మనిషి సీజన్ అక్కడితో పోతుంది.

మ్యాచ్‌లు మొత్తం 60కి తగ్గవు, 105కి మించవు. 15 సిరీస్‌ల మీద మాత్రమే మార్కులు వేస్తే అదృష్టానిదే పైచేయి, అందుకే మ్యాచ్‌లవారీగా వెయ్యండి. మార్కెట్‌ను కూడా ఒక ఆటగాడిగా పట్టికలో పెట్టండి. జూన్ ఆఖర్లో అది రెండో మూడో స్థానంలో ఉంటుందే తప్ప అట్టడుగుకు పోదు. దాని కన్నా మీ మార్కు ఎక్కువ ఉంటే మూడో గడి తెరిచి, మార్చిన ప్రతి మ్యాచ్‌నూ గాయం, రొటేషన్, అభిమానం అని మూడు కుప్పలు చెయ్యండి. ఏ కుప్పలో నష్టం పేరుకుందో వచ్చే ఏప్రిల్‌కు ఆ కారణంతో శాతం కదపడం మానేయండి.