ఇసుక దిబ్బ వయసు తేల్చడం ఎలా?

విశాఖ నుంచి భీమిలి వెళ్తూ ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగినవాళ్లు ‘ఇవి ఎన్నాళ్ల నాటివో?’ అనుకోకుండా ఉండరు. దిబ్బలో గవ్వ దొరికితే కార్బన్ పరీక్ష చేయిస్తే సరి కదా అంటారు కొందరు. అది గవ్వలోని జీవి ఎప్పుడు చచ్చిందో చెబుతుంది గానీ, ఇసుక ఎప్పుడు పోగుపడిందో చెప్పదు. ఆ సంగతి రేణువునే అడగాలి, చివరిసారి ఎండ ఎప్పుడు చూశావని.

ఎండ తగిలితే క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) రేణువులో దాగిన శక్తి నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఇసుక కింద కప్పబడిపోయాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం రేడియేషన్‌తో మళ్లీ నిండుతుంది. అదెంత నిండిందో కాంతి వేసి కొలిచే ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ ల్యూమినెసెన్స్) పద్ధతి 1985లో వచ్చింది.

ఈ పరీక్షకు ఇసుక నమూనా తీయాలంటే ముందు అనుమతి తీసుకోండి. ఎర్రమట్టి దిబ్బలు జియో హెరిటేజ్ (భూవిజ్ఞాన వారసత్వ) స్థలం, పార పట్టుకుని వెళ్లిపోయే చోటు కాదు.

వాన కోసిన గట్టు చూసుకుని, పైపొరను జానెడు లోతున చెక్కేయండి. వేర్లు, పీతల బొరియలు ఉన్నచోట వద్దు, పై ఇసుక కిందికి జారి ఉంటుంది. స్టీలు గొట్టాన్ని అడ్డంగా, నిండా ఇసుక పట్టేలా దిగగొట్టండి. ఖాళీ ఉంటే ఇసుక కదిలి, వెలుగు తగిలిన రేణువులు మధ్యలో కలిసిపోతాయి. బయటికి లాగగానే రెండు చివరలకూ నల్ల ప్లాస్టిక్, టేపు. ఒక్క గొట్టం చాలదు. అడుగున, మధ్యలో, పైన తీస్తేనే దిబ్బ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది.

అక్కడి ఇసుకే ఇంకో కవర్లో వేసి గాలి పోకుండా కట్టండి. తేమ, రేడియేషన్ దానితోనే లెక్కేస్తారు. తేమను తక్కువ వేస్తే వయసు కూడా తక్కువొస్తుంది. భీమిలి తీరంలో నల్ల ఇసుక చారలతో జాగ్రత్త. వాటిలోని మోనజైట్ అనే ఖనిజంలో థోరియం ఉంటుంది కాబట్టి, చారకు కనీసం అడుగు దూరంలో తీయండి.

మిగతాది ల్యాబ్ పని, అదీ మసక ఎర్ర బల్బు కింద. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గవ్వల సున్నం పోగొట్టి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో రేణువుల పైపొర కరిగిస్తారు. ఈ రెండోది చాలా ప్రమాదం, ఇంట్లో ప్రయత్నించకండి. తర్వాత నీలి కాంతి వేసి, రేణువులు వెలిగే వెలుగు కొలుస్తారు.

ఇక భాగాహారమే. నిండిన మోతాదు 6 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం), వెయ్యేళ్లకు చేరేది 2 గ్రే అనుకుంటే వయసు 3,000 ఏళ్లు. అడుగున తీసిన నమూనా పైదానికంటే వయసులో చిన్నదని తేలితే మాత్రం ల్యాబ్‌ను తిట్టేముందు ఆ గట్టులో పీత బొరియ ఉందేమో చూసి రండి.