కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవడం, తీయడం, శుభ్రం చేసుకోవడం ఎలా?

నల్లగుడ్డు ముందు గాజులా ఉండే పొర కార్నియా. దానికి రక్తనాళాలు ఉండవు. మెలకువగా ఉన్నప్పుడు కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం గాలి నుంచి కన్నీటి ద్వారా అందుతుంది. లెన్స్ పెట్టుకుంటే ఆ దారిలో ఒక పలుచని మూత పడ్డట్టే. రెప్పలు మూసి నిద్రపోతే గాలి మరీ తగ్గిపోతుంది, కార్నియా ఉబ్బుతుంది, క్రిములు చొరబడడం సులువవుతుంది. అందుకే చిన్న కునుకైనా సరే, లెన్స్ తీసే పడుకోవాలి.

కళ్లజోడు చీటీతో లెన్స్ కొనకండి. జోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే ఉంటుంది. పవర్ 4 దాటితే ఈ తేడా తెలుస్తుంది: జోడులో మైనస్ 6 ఉన్నవారికి లెన్స్‌లో దాదాపు మైనస్ 5.5 సరిపోతుంది. లెన్స్ వంపు (బేస్ కర్వ్) కూడా కంటికి కుదరాలి. మరీ బిగుతైతే రెప్ప కొట్టినా కదలదు, కింద కన్నీరు పారదు. వదులైతే జారుతూ చూపు మసకబారుతుంది. రంగు కోసం పెట్టుకునే పవర్ లేని లెన్స్‌కైనా కంటి పరీక్ష తప్పనిసరి.

కొత్తగా మొదలుపెట్టేవారికి రోజూ పారేసే రకమే మేలు. కడగడం, నానబెట్టడం ఉండవు, పొరపాట్లకు చోటు తగ్గుతుంది. నెలవారీ లెన్స్‌కు లెక్క ప్యాక్ విప్పిన రోజు నుంచే. మధ్యలో పది రోజులు పెట్టుకోకపోయినా గడువు పెరగదు.

పెట్టుకోవడం

సువాసన, క్రీము లేని సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని బట్టతో పూర్తిగా ఆరేలా తుడుచుకోండి. ఈ తుడవడమే చాలామంది వదిలేస్తారు. వేలు తడిగా ఉంటే లెన్స్ వేలినే అంటుకుంటుంది, కంటి మీదికి దిగదు. పైగా ఆ తడి కుళాయి నీళ్లదే.

ఎప్పుడూ కుడికన్నుతోనే మొదలుపెడితే రెండు పవర్లూ తారుమారు కావు. లెన్స్‌ను చూపుడువేలి కొసన నిలబెట్టి, కంటి ఎత్తులో పక్క నుంచి చూడండి. అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు. పళ్లెంలా బయటికి వాలితే తిరగబడిందని అర్థం. తిరగబడింది పెట్టుకున్నా ప్రమాదమేమీ లేదు గానీ, రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుతూ జారుతుంది.

రెండో చేత్తో పైరెప్పను వెంట్రుకల మొదళ్ల దగ్గర పట్టి పైకి లాగండి. లెన్స్ ఉన్న చేతి నడిమివేలితో కిందిరెప్పను లాగండి. పైరెప్పను మధ్యలో పట్టుకుంటే లాభం లేదు, రెప్పపాటును ఆపలేరు. అద్దంలో తిన్నగా చూస్తూ లెన్స్‌ను మెల్లగా ఆనించండి, నొక్కక్కర్లేదు. కిందికి చూసి, ముందు కిందిరెప్ప, తర్వాత పైరెప్ప వదలండి. ఇంకా గరగరలాడితే తీసి, సొల్యూషన్‌తో (లెన్స్ శుభ్రం చేసే ద్రవంతో) కడిగి మళ్లీ పెట్టండి. కాటుక, మేకప్ ఆ తర్వాతే.

తీయడం

మళ్లీ చేతులు కడిగి తుడుచుకోండి. పైకి చూస్తూ లెన్స్‌ను చూపుడువేలితో తెల్లగుడ్డు మీదికి జరిపి, బొటనవేలు, చూపుడువేళ్ల మెత్తలతో మెల్లగా చిటికెలా పట్టి తీయండి. గోళ్లు తగలకూడదు. అంటుకుపోయి రాకపోతే లాగకండి. లెన్స్‌తో వాడదగ్గ, కన్ను తడిపే చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు రెప్పలు ఆడించి మళ్లీ ప్రయత్నించండి. లెన్స్ కంటి వెనక్కి పోతుందన్న భయం అక్కర్లేదు. రెప్ప లోపలి పొర మడత తిరిగి తెల్లగుడ్డును కప్పుతుంది, వెనక్కి దారే ఉండదు.

శుభ్రం

అరచేతిలో లెన్స్ ఉంచి, కొన్ని చుక్కల సొల్యూషన్ వేసి, ఒక్కో వైపు ఇరవై సెకన్ల దాకా వేలితో రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడగండి. సీసా మీద 'రుద్దనక్కర్లేదు' అని ఉన్నా రుద్దడమే మంచిది. అంటుకున్న జిడ్డు ఊరికే నానితే పోదు. లెన్స్ డబ్బాలో కొత్త సొల్యూషన్ నింపి, సీసా మీద రాసినంత సేపు, సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఉంచాలి. నిన్నటి సొల్యూషన్ మీద కొత్తది కలిపితే క్రిములను చంపే శక్తి పలచబడుతుంది. సెలైన్ (ఉప్పునీటి ద్రవం) కడగడానికే, అది క్రిములను చంపదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం వాడితే దానితో వచ్చిన డబ్బాలోనే నానబెట్టండి. పెరాక్సైడ్ ఘాటు పోగొట్టే విరుగుడు పనిచేయకముందే కంట్లో పడితే భగ్గున మండుతుంది.

ఉదయం డబ్బాను సొల్యూషన్‌తో కడిగి, శుభ్రమైన టిష్యూ మీద బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకోసారి డబ్బా మార్చేయాలి. దాని గోడలకు పట్టే జిగట పొరలో క్రిములు దాక్కుంటాయి.

నీళ్లు మాత్రం ఏ రూపంలోనూ వద్దు: కుళాయి, కాచి చల్లార్చినవి, స్నానం, ఈత, ఉమ్మి, ఏదైనా. మంచినీళ్లలోనూ అకాంథమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. అది లెన్స్‌ను అంటిపెట్టుకుని కార్నియాలోకి చేరితే వచ్చే పుండు మానడానికి నెలలు పడుతుంది, చూపు పోవచ్చు కూడా. మెత్తని లెన్స్ నీళ్లు పీల్చి ఉబ్బి కంటికి బిగుసుకుంటుంది కూడా.

కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, పుసి కట్టినా, మసకేసినా వెంటనే లెన్స్ తీసి అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి. కొత్త లెన్స్ పెట్టి చూద్దామనుకోవద్దు. తీసిన లెన్స్‌ను, డబ్బాను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏ క్రిమో తేల్చడానికి పరీక్షకు అవి పనికొస్తాయి.