జూన్ 15కి ముందే మీ డేటాబేస్ టేబుళ్లు బాగుచేసుకోండి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉండే రోజులివి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. యజమానులు ఈలోగా వలలు కుట్టించుకుంటారు, బోట్లకు రంగులు వేయించుకుంటారు. వాళ్ల ఐసు, డీజిల్, కూలీ లెక్కల సాఫ్ట్‌వేర్ చూసేది మీరే అయితే మీ మరమ్మతులు కూడా ఇప్పుడే కానివ్వండి. వేట మొదలయ్యాక డేటాబేస్‌లో చెయ్యి పెట్టొద్దు.

నా అనుభవం చెప్తాను. నేను పనిచేసిన ఒకచోట యజమాని ఫోన్ నంబరు బోట్లు, ట్రిప్పులు, బిల్లులు అనే మూడు టేబుళ్లలోనూ ఉండేది. ప్రతిసారీ జాయిన్ (టేబుళ్లను కలిపి చూడటం) ఎందుకని అలా పెట్టాం. ఒకాయన నంబరు మార్చుకుంటే బోట్ల టేబుల్లో మాత్రమే మార్చాం. అక్టోబరులో వాయుగుండం కబురు వచ్చింది. సముద్రంలో ఉన్న బోట్ల తాలూకు వాళ్లకు ఫోన్ చేద్దామని తీసిన జాబితా ట్రిప్పుల టేబుల్ నుంచి వచ్చింది. ఫోన్ ఎత్తింది ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి. బోటు నడిపే సరంగు ఇంటి నంబరు వేరే కళాసీ దగ్గర దొరికేసరికి అరగంట పట్టింది. ఆ టెన్షన్ మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నంబరు యజమానిది, ట్రిప్పుది కాదు. ట్రిప్పులో బోటు ఐడీ ఉంటే చాలు, మిగతాది జాయిన్ తెచ్చిపెడుతుంది. 1971లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ వివరించిన మూడో నార్మల్ ఫామ్ అనే టేబుళ్ల అమరిక నియమం సారాంశం దాదాపు ఇదే.

అదనపు కాపీలు తీసేసే ముందు బోట్లు, ట్రిప్పుల టేబుళ్లను జాయిన్ చేసి, నంబర్లు కలవని వరుసలు బయటికి తీయండి. బిల్లులకూ అంతే. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: మామూలు 'సమానం కాదు' గుర్తు వాడితే, ఒకవైపు నల్ (ఖాళీ విలువ) ఉన్న వరుసలు అసలు కనిపించవు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అయితే 'ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్' వాడండి. తేడా వచ్చినచోట ఏది నిజమో మీరే ఊహించి దిద్దకండి, హార్బర్‌కెళ్లి యజమానిని అడగండి.

అలాగని రెండుచోట్ల కనిపించిందల్లా తీసేయకూడదు. బిల్లులోని డీజిల్ రేటు ఆ రోజు రేటు. దాన్ని తీసేసి రేట్ల టేబుల్ నుంచి తెస్తే, రేటు మారిన మర్నాడు పాత బిల్లులన్నీ తప్పవుతాయి. బోటు చేతులు మారినా అంతే, పాత బిల్లుమీద పాత యజమాని పేరే ఉండాలి. అది జరిగిపోయిన సంగతి, దాన్ని కాపాడాలి.

కొన్నిచోట్ల రెండో కాపీ నిజంగానే కావాలి. బిల్లులో ట్రిప్పు ఐడీతోపాటు బోటు ఐడీ కూడా ఉంచాల్సివస్తే, ట్రిప్పుల టేబుల్లో ఆ రెంటికీ కలిపి యూనిక్ కీ (ఒకే జంట రెండుసార్లు రాకుండా చూసేది) పెట్టి, బిల్లుల నుంచి రెండు కాలమ్‌ల ఫారిన్ కీ (ఆ జంట ట్రిప్పుల్లో ఉంటేనే ఒప్పుకునేది) ఇవ్వండి. అప్పుడు ఒక బోటు ట్రిప్పును ఇంకో బోటు బిల్లులో ఎవరూ ఎక్కించలేరు. కోడ్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. ఎవరో ఒకరు నేరుగా డేటాబేస్‌లో దిద్దేస్తారు.

జాయిన్లు నెమ్మదిస్తాయని భయమైతే ముందు ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఉందో లేదో చూడండి. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీ కాలమ్‌కు తనంతట తాను ఇండెక్స్ పెట్టదు.

బ్యాకప్ తీయడమే కాదు, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. అనవసరమైన కాలమ్‌ను వెంటనే డ్రాప్ చేయకుండా (తీసేయకుండా) పేరు మార్చి వారం ఉంచితే, దాన్ని ఇంకా వాడుతున్న రిపోర్టులు ఎర్రర్ ఇచ్చి బయటపడతాయి. ఆ వారం జూన్ 10కల్లా అయిపోయేలా చూసుకోండి.