‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు తప్పుల్లేకుండా రాయడం ఎలా?

బడి గోడ మీదో, గ్రంథాలయం గుమ్మం దగ్గరో ‘చరిత్రలో ఈ రోజు’ రాయడానికి పది నిమిషాలు చాలు. తేదీలు సరిచూసుకోవడానికి మాత్రం గంట పడుతుంది. చాలామంది ఆ గంట కేటాయించరు. ఫోన్‌లో వచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు దించేస్తారు. ఒకరి పొరపాటు వందమంది చేతుల మీదుగా నిజమైపోయేది ఇలాగే. జూలై 4ను నమూనాగా పెట్టుకుని పద్ధతి చూద్దాం.

కావలసినవి: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు, ఒక నల్ల పెన్ను, ఒక ఎర్ర పెన్ను. రోజుకో పేజీ చొప్పున 366 పేజీలకు నంబర్లు వేయండి. 60వ పేజీ ఫిబ్రవరి 29ది. దాన్ని మరిచిపోతే మార్చి నుంచి అన్నీ ఒక పేజీ ముందుకు జరుగుతాయి. జూలై 4 సరిగ్గా 186వ పేజీలో పడాలి. కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక పెట్టుకోవద్దు. అది 1900కు ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు. పైగా అతికించడం తేలిక కాబట్టి చూడకుండానే నిండిపోతుంది. చేత్తో రాసేటప్పుడు ప్రతి అంకె మీదా కన్ను పడుతుంది.

సేకరణ కష్టం కాదు. జూలై 4కు కాస్త వెతికితే ముప్పై అంశాలు దొరుకుతాయి. బోర్డుకు ఏడు మించకూడదు. ప్రార్థన సమయంలో చదివితే రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఈ ఏడు తీసుకోండి: 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, 1826లో ఒకే రోజు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్‌ల మరణం, 1897 అల్లూరి సీతారామరాజు జననం, 1902 స్వామి వివేకానంద, 1934 మేరీ క్యూరీ, 1963 పింగళి వెంకయ్య మరణాలు, 2012లో ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ అనే కణాన్ని కనుగొన్నట్టు చేసిన ప్రకటన. సంవత్సరాల వరుసలోనే రాయాలి. సంఘటనలు, జననాలు, మరణాలు అని మూడు ముక్కలు చేస్తే చదివేవాళ్ళకు కాలం కదిలిన తీరు కనబడదు.

ఇక అసలు పని తేదీ సరిచూడటం. నూటికి తొంభై బోర్డులు ఇక్కడే చెడతాయి. తొందరపడొద్దు.

మొదట ఆ తేదీ ఏ క్యాలెండర్‌లోదో తేల్చుకోండి. పాత లెక్క అంటే జూలియన్ క్యాలెండర్, కొత్త లెక్క అంటే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ 1582 అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15కు దూకాయి. బ్రిటన్ 1752 సెప్టెంబర్ 2 తర్వాత 14కు, రష్యా 1918 జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14కు వెళ్ళాయి. పాత లెక్కను కొత్తకు మార్చాలంటే 17వ శతాబ్దంలో 10 రోజులు, 18లో 11, 19లో 12, 20లో 13 కలపాలి. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ నవంబర్ 7న రావడానికి కారణం ఇదే: పాత అక్టోబర్ 25కు 13 కలిపారు. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని చాలా బోర్డుల మీద కనిపిస్తుంది. గెలీలియో తేదీ, 1642 జనవరి 8, కొత్త లెక్కది. న్యూటన్ తేదీ, 1642 డిసెంబర్ 25, ఇంగ్లండ్ పాత లెక్కది. రెండూ ఒకే లెక్కలోకి తెస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. 1582కు ముందు సంఘటనలను మాత్రం కదపొద్దు. తళ్ళికోట యుద్ధం 1565 జనవరి 23నే ఉండాలి. చరిత్ర పుస్తకాలన్నీ పాత లెక్కలోనే ఇస్తాయి. మీరొక్కరే ఫిబ్రవరి 2 అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

రెండోది తిథి. మన దగ్గర ఎక్కువ తప్పులు జరిగేది దీనివల్లే. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమినాడు జరుగుతుంది. ఆయన సమాధి చెందింది 1847 జనవరి 6న. ఈ ఏడు ఆరాధన ఏ తేదీన పడిందో ఆ తేదీ పేజీలో ఆయన మరణాన్ని రాస్తే, వచ్చే ఏడు అది తప్పవుతుంది. వివేకానంద జయంతి కూడా అంతే. దేశం జనవరి 12న జరుపుతుంది, రామకృష్ణ మఠం తిథి ప్రకారం చేస్తుంది. పైగా పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజాము మూడింటికి జరిగింది పాత రాతల్లో ముందు రోజు వారంతోనే ఉంటుంది.

మూడోది గడియారం. అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు అమెరికాలో 1969 జూలై 20. మన దగ్గర 21 తెల్లవారుజాము 1:47. సంఘటన జరిపినవాళ్ళ తేదీ రాసి, పక్కన మన సమయం వేయండి.

నాలుగోది పత్రిక. నాలుగో తేదీ సంగతి ఐదో తేదీ పత్రికలో వస్తుంది. కత్తిరింపు మీది తేదీనే ఎక్కించేస్తుంటారు. వార్తలో ‘నిన్న’, ‘నిన్న రాత్రి’ అన్న మాట ఉందేమో చూడండి.

వీటన్నిటికీ గట్టి సాక్షి వారం. మూలంలో వారం ఉంటే లెక్కకట్టి పోల్చండి. 1776 జూలై 4 గురువారం, 1902 జూలై 4 శుక్రవారం. తేడా వచ్చిందంటే ఎక్కడో అంకె జరిగింది. ఇలా రెండు వేర్వేరు మూలాల్లో కుదిరాకే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాలి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్నవి రెండు మూలాలు కావు. ఒకే అక్షరదోషం రెండింటిలోనూ కనబడితే అవి ఒకటే అని లెక్క. టిక్కు లేని అంశం ఎంత గొప్పదైనా బోర్డెక్కకూడదు.

తర్వాత క్రియ చూసుకోండి. 1776 జూలై 4న అమెరికాకు ‘స్వాతంత్ర్యం వచ్చింది’ అని రాయొద్దు. అక్కడి ప్రతినిధుల సభ కాంగ్రెస్ స్వాతంత్ర్యానికి ఓటేసింది జూలై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, సభ్యుల్లో ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. బ్రిటన్ ఒప్పుకున్నది 1783లో. కాబట్టి ‘ప్రకటనను ఆమోదించింది’ అనే రాయాలి.

మాటల్లో ఇంకో జాగ్రత్త. జయంతి గతించినవారికే, బతికున్నవారికి పుట్టినరోజు. వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పకూడదు, నివాళి అనాలి. అంకె వేసేటప్పుడు నిండిన ఏళ్ళే లెక్క: 1897లో పుట్టిన అల్లూరికి 125 నిండింది 2022లో.

బోర్డు మీద అక్షరం పది అడుగుల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. సంవత్సరాన్ని ఎడమ అంచున, మిగతా పాఠాన్ని దాని కుడివైపున రాయండి. కింద రెండు వరుసలు ఖాళీ వదలండి. ఎవరైనా తప్పు చూపిస్తే చెరిపేయకుండా ఆ ఖాళీలో సవరణ రాసి, అదే రోజు 186వ పేజీలోనూ ఎర్ర పెన్నుతో దిద్దండి.