ఈఎస్‌ఐ ప్రసూతి భత్యం: ప్రైవేటు ఆసుపత్రి నర్సులు దరఖాస్తు చేసుకునే విధానం

నెలలు నిండుతున్న పేషెంట్లను రోజూ చూసుకునే మనకే మన కాన్పు వచ్చేసరికి ఏం అడగాలో తెలియదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది కళ్ళారా చూస్తున్నాను. ఏడో నెల రాగానే "ఇక మానేస్తానక్కా" అని రాజీనామా కాగితం చేతిలో పెట్టుకుని నిలబడతారు. జీతం స్లిప్పు తీయించి చూస్తే ప్రతి నెలా ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా పథకం) కోత ఉంటుంది. అంటే 26 వారాల జీతం ఆ అమ్మాయికి హక్కుగా రావాలి. రాజీనామా రాసే ముందు ఈ దరఖాస్తు గురించి ఒక్కసారి చదవమని నా కోరిక.

ముందు, ఇది ఎవరికి వర్తిస్తుందో చూద్దాం. మీ ఆసుపత్రిలో 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తుండాలి, మీ నెల జీతం 21,000 రూపాయలు దాటకూడదు. వైకల్యం ఉన్నవారికి ఆ పరిమితి 25,000. ఓవర్‌టైమ్ డబ్బు ఈ లెక్కలోకి రాదు. కాబట్టి నెలకు 20,000 జీతం ఉండి, డబుల్ డ్యూటీలు చేసి 23,000 తీసుకున్నా మీరు ఈఎస్‌ఐ పరిధిలోనే ఉంటారు. స్టాఫ్ నర్సులే కాదు, ఏఎన్‌ఎమ్‌లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, వార్డు సహాయకులు అందరూ దీని కిందికి వస్తారు. ఏజెన్సీ ద్వారా పనిచేసేవారికీ వర్తిస్తుంది. వాళ్ళ చందా కట్టాల్సింది ఏజెన్సీ. ఏజెన్సీ ఎగ్గొడితే బాధ్యత ఆసుపత్రి యాజమాన్యం మీద పడుతుంది.

ప్రతి నెలా చందా కింద మీ జీతంలోంచి పోయేది 0.75 శాతం, యాజమాన్యం కట్టేది 3.25 శాతం. 18,000 జీతానికి మీవి 135 రూపాయలు, వాళ్ళవి 585.

ఎంత వస్తుందో చెప్తాను. ప్రసూతి భత్యం అంటే మీ సగటు రోజు జీతం పూర్తిగా, కోత లేకుండా ఇస్తారు. అనారోగ్య సెలవుకైతే 70 శాతమే ఇస్తారు. 18,000 జీతాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 600. 26 వారాలంటే 182 రోజులు. మొత్తం 1,09,200 రూపాయలు. ఆ 26 వారాల్లో 8 వారాల వరకు డెలివరీ డేటుకు ముందు వాడుకోవచ్చు, మిగిలినవి తర్వాత. అప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్నవారికి 12 వారాలు, అందులో ముందు వాడుకోగలిగేది 6 వారాలు. గర్భస్రావమైతే 6 వారాలు. గర్భం వల్ల గానీ కాన్పు వల్ల గానీ జబ్బుపడితే అదనంగా ఒక నెల వరకు ఇస్తారు. గర్భస్రావానికి కూడా డబ్బు వస్తుందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రెండో రోజే యూనిఫాం వేసుకుని డ్యూటీకి వచ్చేస్తారు. దయచేసి అలా రాకండి. ఆ 6 వారాలు మీ ఒంటికి అవసరం.

ఇక అసలు షరతు. 70 రోజుల చందా ఉండాలి. ఎప్పటి 70 రోజులన్నది కొంచెం తిరకాసుగా ఉంటుంది, నెమ్మదిగా చూడండి. ఈఎస్‌ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా విడగొడుతుంది: ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30, అక్టోబరు 1 నుంచి మార్చి 31. డబ్బు ఇచ్చే కాలాలు కూడా రెండు: జనవరి నుంచి జూన్, జూలై నుంచి డిసెంబరు. మీ డెలివరీ జూలై, డిసెంబరుల మధ్య ఉంటే అదే సంవత్సరం మార్చి 31తో ముగిసిన ఏడాది మొత్తం చూస్తారు. జనవరి, జూన్‌ల మధ్య ఉంటే అంతకుముందు సెప్టెంబరు 30తో ముగిసిన ఏడాది చూస్తారు. ఆ ఏడాదిలో మీ పేర 70 రోజుల చందా పడి ఉంటే చాలు. మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవారికి మాత్రం చేరిన 9 నెలల తర్వాతే డబ్బు ఇచ్చే మొదటి కాలం మొదలవుతుంది.

70 రోజులు అంటే తక్కువే. అయినా ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, నేనూ ఇక్కడే చిక్కుకున్నాను. నా మొదటి కాన్పు సెప్టెంబరులో. అంతకుముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక ఆసుపత్రిలో చేశాను, 58 రోజులు పడ్డాయి. తర్వాత పోటీ పరీక్షకు చదువుకుంటానని మానేసి, ఫిబ్రవరి మధ్యలో వేరే ఆసుపత్రిలో చేరాను. మార్చి నెలాఖరుకు అక్కడ 44 రోజులు. కలిపితే 102, హాయిగా సరిపోతాయి. కానీ రెండో ఆసుపత్రి హెచ్‌ఆర్ వాళ్ళు నా పాత ఈఎస్‌ఐ ఇన్సూరెన్స్ నంబరు అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త నంబరు పుట్టించారు. కంప్యూటర్ దృష్టిలో ఒకామెకు 58, ఇంకొకామెకు 44. ఇద్దరిలో ఎవరికీ అర్హత లేదు! ఆ రెండు నంబర్లూ ఒకరివేనని రుజువు చేసి కలిపించుకునేసరికి మా పాప బోర్లా పడుతోంది.

అందుకే ఆసుపత్రి మారే ప్రతి నర్సుకూ ఒకటే చెప్తాను. ఇన్సూరెన్స్ నంబరు పది అంకెలది, జీవితాంతం ఒకటే. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరును ఎంత జాగ్రత్తగా రాసుకుంటామో దీన్నీ అలాగే రాసుకోండి. కొత్తచోట చేరే రోజే హెచ్‌ఆర్‌కు ఇచ్చి, "ఇదే నంబరు మీద కట్టండి" అని చెప్పండి. ఇప్పటికే రెండు నంబర్లు ఉంటే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అర్జీ పెట్టి కలిపించుకోండి. కాన్పు దాకా ఆగొద్దు.

దరఖాస్తు పని మూడో నెలలోనే మొదలుపెట్టాలి. ఈఎస్‌ఐని నడిపే సంస్థ ఈఎస్‌ఐసి వెబ్‌సైట్‌లో బీమాదారుల లాగిన్ ఉంటుంది. మీ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఖాతా తెరవవచ్చు. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లోనూ కొన్ని వివరాలు కనిపిస్తాయి. తెరవగానే చందా వివరాల పేజీకి వెళ్ళండి. ఏ నెల, ఎన్ని రోజులు, ఎంత జీతం, ఎంత చందా అని వరుసగా ఉంటాయి. ఇంజెక్షన్ వేసేముందు పేరు, మందు, మోతాదు సరిచూసుకునే మనం ఈ పేజీని కూడా అలాగే చూడాలి. జీతం స్లిప్పులు పక్కన పెట్టుకుని నెల నెలా పోల్చండి. నెలంతా పనిచేస్తే అక్కడ 15 రోజులే ఉందా? మీ చేతికి 18,000 వస్తుంటే అక్కడ 11,000 అని ఉందా? 11,000 మీద లెక్కిస్తే రోజుకు 367 రూపాయలు కూడా రావు, మొత్తం 67 వేల లోపే. 42 వేలకు పైగా మీకు నష్టం. తేడా కనిపిస్తే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈమెయిల్ అయినా సరే, నోటిమాట వద్దు. ప్రతి నెల చందానూ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలన్నది నిబంధన, కాబట్టి "ఇంకా టైముంది" అన్న మాట వినకండి.

తర్వాత పేరు. మన దగ్గర ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు వచ్చి చేరుతుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పుట్టింటి పేరే మిగిలిపోతుంది. ఈఎస్‌ఐలో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు మూడూ ఒకటిగా ఉండేలా చూసుకోండి. బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఒకసారి తిరగేయండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లు మారాయి. పాత పాస్‌బుక్ చూసి కోడ్ ఇస్తే డబ్బు వెనక్కి పోతుంది. మా వార్డులో ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు అక్షరాల తేడాకు ఐదు వారాలు తిరిగింది.

ఇవి సరిపోయాక మీకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్ళండి. ఇ-పెహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) ప్రింటు, ఆధార్, స్కానింగ్ రిపోర్టు పట్టుకెళ్ళండి. అక్కడి డాక్టర్ గర్భాన్ని ధ్రువీకరించి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత డెలివరీ ఎప్పుడు కావచ్చో తెలిపే సర్టిఫికెట్ ఇంకొకటి ఉంటుంది. డెలివరీకి ముందే సెలవు, డబ్బు తీసుకోవాలంటే అదే ఆధారం. "మా ఆసుపత్రిలోనే గైనకాలజిస్టు ఉన్నారు కదా, డిస్పెన్సరీకి ఎందుకు?" అని అడుగుతారు. చూపించుకోవడం మీ డాక్టర్‌కే చూపించుకోండి, తప్పులేదు. కానీ భత్యం దస్తావేజు ఈఎస్‌ఐ డాక్టర్ చేతి మీదుగా నడిస్తేనే సాఫీగా నడుస్తుంది. సనత్‌నగర్, నాచారం, విజయవాడలో గుణదల, విశాఖలో మల్కాపురం వంటి చోట్ల ఈఎస్‌ఐ ఆసుపత్రులే ఉన్నాయి, దగ్గర్లో ఉన్నవారు అక్కడే కాన్పు చేయించుకోవచ్చు.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళేవాళ్ళు సర్టిఫికెట్ల పని ముగించుకునే బయల్దేరండి. పుట్టింటి ఊళ్ళో ఏ డిస్పెన్సరీకి వెళ్ళాలో ముందే కనుక్కుని పెట్టుకోండి. ఈఎస్‌ఐ వైద్య సదుపాయం లేని ఊళ్ళో కాన్పు అయితే కాన్పు ఖర్చు కింద 7,500 రూపాయలు విడిగా ఇస్తారు, రెండు కాన్పుల వరకు. భర్త ఈఎస్‌ఐ సభ్యుడైతే ఆయన పేరున కూడా ఇది అడగవచ్చు.

అసలు క్లెయిమ్ రెండు దారుల్లో పెట్టవచ్చు. 2022 నవంబరు నుంచి ఆన్‌లైన్ సదుపాయం ఉంది. ఇందాకటి లాగిన్‌లోనే ప్రసూతి భత్యం ఎంచుకుని, సర్టిఫికెట్ వివరాలు, ఏ తేదీ నుంచి పనికి వెళ్ళడం లేదో రాసి పంపాలి. ఆన్‌లైన్ కుదరకపోతే బ్రాంచి ఆఫీసులో ఫారం 19 నింపి ఇవ్వాలి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. డెలివరీ తర్వాత డిశ్చార్జి కాగితం, బిడ్డ జనన ధ్రువపత్రం తీసుకుని కాన్పు సర్టిఫికెట్ పని పూర్తిచేయండి. ఎక్కువమంది డెలివరీ అయ్యాకే ఒకేసారి మొత్తానికి పెడతారు, అదీ చెల్లుతుంది. కానీ ఏడాది దాటనివ్వకండి, క్లెయిమ్ గడువు ముగిసిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. భత్యం తీసుకునే రోజుల్లో జీతానికి పనిచేయకూడదు. "స్టాఫ్ తక్కువగా ఉన్నారు, రెండు నైట్లు వచ్చి చేసివెళ్ళమ్మా" అని ఫోన్ వస్తుంది. మొహమాటానికి వెళ్తే హాజరు పట్టీలో సంతకం పడుతుంది. ఆ రోజుల్లో మీరు పనికి రాలేదా అని ఈఎస్‌ఐ వాళ్ళు యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడిగి సరిచూసుకుంటారు, అక్కడ తేడా వస్తే మీరే ఇబ్బంది పడతారు.

సెలవు ఇచ్చేది ఆసుపత్రి, డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ. ఇది హెచ్‌ఆర్ వాళ్ళకు కూడా తెలియజెప్పాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది. "ఆరు నెలల జీతం మేం ఎక్కడ ఇస్తాం, మానేసి మళ్ళీ చేరు" అంటారు. ఈఎస్‌ఐ ఉన్నచోట ఆ జీతం వాళ్ళ జేబులోంచి పోదు. ప్రసూతి భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయడం చట్టం ఒప్పుకోదు. అందుకే రాజీనామా రాయకండి, ప్రసూతి సెలవు చీటీ రాయండి. తేదీలు వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

జీతం 21,000 దాటినవారి సంగతి వేరు. చందా కాలం మధ్యలో జీతం పెరిగితే ఆ కాలం చివరి దాకా, అంటే సెప్టెంబరు 30 లేదా మార్చి 31 వరకు, ఈఎస్‌ఐ కొనసాగుతుంది. ఆ తర్వాత ప్రసూతి సెలవు జీతం యాజమాన్యమే ఇవ్వాలి. అది 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చిన హక్కు, 2017లో దాన్ని 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21 నుంచి ఆ హక్కు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలో భాగమైంది. డెలివరీ డేటుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు అలాగే ఉంది. వాళ్ళకు దరఖాస్తు అంటే యాజమాన్యానికి రాసే నోటీసే.

క్లెయిమ్ ఆగిపోతే ముందు బ్రాంచి ఆఫీసుకే వెళ్ళండి, ఫోన్‌లో కంటే ఎదురుగా కూర్చుంటే కారణం త్వరగా తేలుతుంది. నూటికి తొంభై సార్లు అని లెక్క చెప్పలేను గానీ, నేను తోడు వెళ్ళిన ప్రతిసారీ కారణం పేరులోనో, బ్యాంకు కోడ్‌లోనో, చందా రోజుల్లోనో దొరికింది. వెళ్ళలేనివారికి టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526 ఉంది. పచ్చి బాలింతను ఆఫీసు మెట్లెక్కించకండి, కాగితాల మీద ఆమె సంతకం ముందే తీసుకుని భర్తో, అన్నదమ్ములో వెళ్ళి కనుక్కోవచ్చు.

తిరిగి డ్యూటీలో చేరాక మొదటి జీతం స్లిప్పు వచ్చిన రోజు ఇంకోసారి ఆ చందా పేజీ తెరవండి. సెలవుకు ముందున్న పది అంకెల నంబరు మీదే కొత్త నెల చందా పడిందో లేదో చూడండి.