ఎకో నేర్చుకుందాం – 5: గరాటు కింది మూతి

పోయిన పాఠంలో ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్ పట్టాం, అంటే రొమ్ము ఎముక పక్కనుంచి గుండెను పొడవునా చూపే దృశ్యం. ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, వాటి నడుమ మైట్రల్ కవాటం మూడూ తెరమీద కుదురుగా నిలిచాకే ఇది మొదలుపెట్టండి. నిలవకపోతే వెనక్కి వెళ్లండి, మొహమాటం వద్దు. ఈరోజు పని ఒక్కటే: ఆ కవాటం ఎంత తెరుచుకుంటోందో కొలవడం.

తిరుపతి ఎకో గదుల్లో వినపడే మాట ఒకటుంది. "పోయినేడు అలిపిరి నుంచి నడిచే కొండెక్కినా సార్. ఈసారి గాలిగోపురం దాకా గూడా పోలేకపోతిని." ముప్పై ఏళ్ల మనిషి అలా అంటే, చిన్నప్పుడు కీళ్లవాపుతో జ్వరమొచ్చిందా అని అడగండి. గొంతునొప్పి వెనకాలే వచ్చే రుమాటిక్ జ్వరం ఏళ్లు గడిచాక కవాటం రెక్కల అంచుల్ని అతికించి దారిని ఇరుకు చేస్తుంది. ఈ జబ్బే మైట్రల్ స్టెనోసిస్. "గుర్తులేదు" అన్నంత మాత్రాన రాలేదని కాదు. చాలామందికి గుర్తుండదు.

ముందు లాంగ్ యాక్సిస్‌లోనే ముందురెక్కను చూడండి. అతుక్కున్నది కొసలు, నడుమ భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది. అందుకే రక్తం తోసినప్పుడు కొసలు కట్టేసిన పంచె గాలికి ఉబ్బినట్టు ఉబ్బుతుంది. పుస్తకాలు దీన్ని హాకీ స్టిక్ అంటాయి. నాకైతే వంచిన మోచేయిలా కనపడుతుంది.

ఇప్పుడు షార్ట్ యాక్సిస్, అంటే గుండెను అడ్డంగా కోసినట్టు చూపే దృశ్యం. పేషెంటు ఎడమవైపు తిరిగి, ఎడమచేయి తలకింద పెట్టుకుని ఉండాలి. రెక్కల కొసల్ని తెర మధ్యకు తెచ్చి, ప్రోబ్‌ను (ఛాతీ మీద ఆనించే పరికరాన్ని) ఉన్నచోటే గడియారం ముల్లు దిశలో 90 డిగ్రీలు తిప్పండి. కుడిభుజం వైపున్న ప్రోబ్ మీది గుర్తు (మార్కర్) ఎడమభుజం వైపుకు వస్తుంది. గుండ్రటి జఠరిక లోపల కవాటం చేప నోరులా తెరుచుకుంటూ మూసుకుంటూ కనపడుతుంది. మామూలు నోరు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5కు దిగితే జబ్బు తీవ్రమైనట్టే.

కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. నేనూ తప్పాను. నేర్చుకుంటున్న రోజుల్లో చేప నోరు కనపడగానే సంబరపడి ఫ్రీజ్ కొట్టి, గీత గీసి 1.9 అని రాశాను. మేడం ప్రోబ్ తీసుకుని, గుండె కొన వైపుకు కాస్త వంచారు, అంతే. 1.1 వచ్చింది. "నువ్వు గరాటు పైమూతి కొలిచినావు నాయనా. నూనె పోయేది కింది మూతిలోంచి గదా" అన్నారు. నా 1.9 అలాగే రిపోర్టులోకి ఎక్కి ఉంటే, బెలూన్‌తో కవాటం అతుకుల్ని విడదీయాల్సిన మనిషిని మాత్రలిచ్చి ఇంటికి పంపేవాళ్లు.

అతుక్కున్న కవాటం గరాటులా కిందికి సన్నబడుతుంది, కాబట్టి ఎప్పుడూ ఒక్కచోటి దృశ్యంతో ఆగకండి. కర్ణిక వైపు నుంచి గుండె కొన వైపుకు ప్రోబ్‌ను మెల్లగా వంచుతూ పొండి. నోరు చిన్నదవుతూ వచ్చి, ఇంకాస్త వంచితే మాయమై పాపిల్లరీ కండరాలు (కవాటం తాళ్లను పట్టుకునే కండరాలు) కనపడతాయి. మాయమయ్యే ముందు కనపడ్డ అతిచిన్న నోరే మీకు కావాల్సింది. అక్కడ ఫ్రీజ్ చేసి, ట్రాక్‌బాల్‌తో వెనక్కి జరిపి, డయాస్టోల్ (జఠరిక సడలి నిండే వేళ) నడుమ బాగా తెరుచుకున్న ఫ్రేమ్ పట్టండి. గీత లోపలి అంచు వెంటే పోవాలి.

గెయిన్ (తెర మీది మెరుపును పెంచే మీట) ఎక్కువైతే అంచులు ఉబ్బి నోరు ఉన్నదానికన్నా చిన్నదిగా, మరీ తగ్గిస్తే అంచులు చెరిగి పెద్దదిగా కొలతకొస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉంటే ఒక్క బీటును నమ్మొద్దు, అయిదు కొలిచి సగటు రాయండి.

గీత గీస్తూనే నోటి రెండు మూలలూ చూసుకోండి. బెలూన్ చీల్చేది ఆ అతుకుల్నే. రెండు మూలల్లోనూ సున్నం (కాల్షియం) గట్టిపడి తెల్లగా మెరుస్తుంటే ఆ సంగతి అంకె పక్కనే రాయాలి.

అన్నట్టు, 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు లోహాల్లో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అరువు తెచ్చి గుండె మీద పెట్టారు. ఎడ్లర్ వెతుకులాట కూడా ఈ మైట్రల్ జబ్బు కోసమే. ఆయనకు తెరమీద దక్కింది కదిలే గీతలే. చేప నోరు చూసే భాగ్యం మనది.

ఈ వారం స్నేహితుణ్ని ఒకరిని పడుకోబెట్టి, ఇదే వంపు మూడుసార్లు వేరువేరుగా చేసి, మూడు అంకెలూ రాసుకోండి. ముందు అంకె చూసుకుంటూ రెండోది గీయకండి. వచ్చే పాఠంలో కవాటం ఎంత చెడిందో లెక్కగట్టే విల్కిన్స్ స్కోరు: కదలిక, మందం, సున్నం, కింది తాళ్ల మందం, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు.