వానలకు ముందు బండి బ్రేకులు: నట్టు తిప్పి సరిపెట్టుకోవద్దు

ఎస్.కోట నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు దిగుతుండగా ఈ మధ్య ఒక మోటార్‌సైకిల్ వెనుక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయి, నడుపుతున్న యువకుడి కాలు విరిగింది. విప్పి చూస్తే బ్రేకు రాడ్డు మీది నట్టు మర చివరిదాకా వెళ్లిపోయి ఉంది, లోపల డ్రమ్ముకు రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు రేకులా అరిగిపోయి ఉన్నాయి. టైర్లలో గాలి, హెడ్‌లైటు వంటివి అందరూ చూసుకునేవే కనుక ఇక్కడ ఆ నట్టు గురించే రాస్తున్నాను.

డ్రమ్ము బ్రేకులో పెడల్ నొక్కితే రాడ్డు వెనుకనున్న ఆర్మ్‌ను లాగుతుంది, ఆర్మ్ లోపలి క్యామ్ అనే ఇరుసు ముక్కను తిప్పుతుంది, క్యామ్ లైనర్లను విడదీసి డ్రమ్ముకు ఆనిస్తుంది. లైనర్ అరిగేకొద్దీ క్యామ్ మరింత తిరగాలి. నట్టు బిగిస్తే ఆ వదులు తీరుతుందే తప్ప అరిగిన లైనర్ తిరిగి రాదు. అందుకే ఆర్మ్ దగ్గర ఒక బాణం గుర్తు, డ్రమ్ము మూతపై ఒక గీత ఉంటాయి. ఎవరినైనా పెడల్ గట్టిగా నొక్కి ఉంచమని చూడండి. బాణం గీతను చేరితే లైనర్లు మార్చాల్సిందే. కొందరు ఆర్మ్‌ను ఊడదీసి ఒక పన్ను పక్కకు జరిపి మళ్లీ బిగిస్తారు. దానితో నట్టుకు మర మిగులుతుంది కానీ బాణం అబద్ధం చెబుతుంది. హద్దు దాటి తిరిగిన క్యామ్ వెనక్కి రాకుండా ఇరుక్కుంటే చక్రం ఆగిపోతుంది. నట్టు సర్దుబాటుకే గానీ మరమ్మతుకు కాదు.

పెడల్‌కు ఉండవలసిన వదులు చాలా 100 సీసీ బళ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండి లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. తిప్పిన తరువాత నట్టు అడుగునున్న గాడి ఆర్మ్ చివరి పిన్నుపై సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. 2019 ఏప్రిల్ తరువాత వచ్చిన చిన్న బళ్లలో చాలావాటికి పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది కనుక రెండు బ్రేకులనూ కలిపి మెకానిక్‌కు చూపించాలి.

డిస్కు బ్రేకు ఉన్నవారు చేసేదీ ఇదే తప్పు. డిస్కును పట్టే ప్యాడ్లు అరిగితే బ్రేకు ఆయిల్ ఉండే చిన్న గిన్నెలో మట్టం తగ్గుతుంది; పైన ఆయిల్ పోసేస్తే ఆ సంగతి కప్పబడిపోతుంది. ముందు ప్యాడ్లు చూడండి, ఆ తరువాతే గిన్నె మూతపై రాసిన రకం ఆయిల్‌ను సీలు తీయని డబ్బా నుంచి పోయించండి. ఎప్పుడో తెరిచిన డబ్బాలోని ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది, వేడెక్కితే త్వరగా మరుగుతుంది. లివరు మెత్తగా స్పాంజిలా దిగితే లైనులో గాలి చేరినట్టే.

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి బ్రేకు వైరు లివరు దగ్గరే తుప్పు పడుతుంది. ఒక్క పోగు తెగినా వైరు మార్చండి. కొన విరిగిన లివరుతో తిరగవద్దు, తడిచేతికి జారిపోతుంది. ముందు బ్రేకుకూ వెనుక బ్రేకుకూ విడివిడిగా బ్రేకు లైటు వెలగాలి. డ్రమ్ములో దుమ్మును నోటితో ఊదవద్దు. గ్రీజు అంటిన లైనర్ వాడవద్దు. ఉభాల (వరినాట్ల) రోజుల్లో నీళ్లు దాటాక కొంతదూరం బ్రేకు తేలికగా ఆనించి నడిపి ఆరబెట్టండి. ఘాట్‌లో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగవద్దు. చిన్న గేరులో దిగండి. మెకానిక్ నట్టు ఒక్కటే తిప్పి బండి చేతికిస్తే తీసుకోవద్దు. చక్రం విప్పించండి, లైనర్ మీ కళ్లతో చూడండి.